ఈ కొండ ఎవరిది? క్యాస్కేడ్స్ అడవులకు బయల్దేరే ముందు తేల్చుకోవాల్సిన సంగతి

జూన్ వచ్చిందంటే వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే తెలుగువాళ్ళ మధ్య ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: "ఫలానా ట్రెయిల్‌కి ఏ పాస్ కావాలి?" ఒకరు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే డిస్కవర్ పాస్ అంటారు. ఇంకొకరు నేషనల్ పార్క్ పాస్ ఉంటే అన్నిచోట్లా చెల్లుతుందంటారు. మూడోవాళ్ళు, మేం వెళ్ళినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదే అంటారు. ముగ్గురూ తమకు తెలిసిన నిజమే చెబుతున్నారు, కాకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు యజమానుల నేల మీద నడిచొచ్చారు. ఆ తేడా తెలియక జరిమానా కట్టినవాళ్ళు ఉన్నారు, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని మూడు గంటలు కారు నడిపి, తీరా రోడ్డు మూసి ఉంటే వెనక్కి తిరిగినవాళ్ళూ ఉన్నారు. పాస్, కుక్క, డ్రోన్, టెంట్, చలిమంట, రోడ్డు, ఇలా ఈ కొండల్లో ఏ అనుమానం వచ్చినా ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ నేల ఎవరిది?

ఐ-90 హైవే మీద సియాటెల్ నుంచి తూర్పుకు గంట సేపు వెళ్ళండి చాలు, విషయం కళ్ళకు కడుతుంది. ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలందరికీ మనం చూపించే స్నోక్వాల్మీ ఫాల్స్, 268 అడుగుల జలపాతం, స్నోక్వాల్మీ తెగవారికి పవిత్రమైన చోటు, దాని పక్కనున్న లాడ్జి వాళ్ళదే. జలపాతం మీద కరెంటు తీసేది ప్యుజెట్ సౌండ్ ఎనర్జీ అనే కంపెనీ. అక్కడ ఫెడరల్ పాస్‌తో పనే లేదు. కాస్త ముందుకెళ్తే రాటిల్‌స్నేక్ లెడ్జ్ ఎక్కేవాళ్ళు కారు పెట్టే చోటు సియాటెల్ నగర నీటి సరఫరా విభాగానిది, అక్కడ ఏ పాసూ అక్కర్లేదు. దానికి ఎదురుగా కనిపించే మౌంట్ సై రాష్ట్ర ప్రభుత్వానిది, డిస్కవర్ పాస్ కావాలి. మిడిల్ ఫోర్క్ రోడ్డు మరీ విచిత్రం: మెయిల్‌బాక్స్ పీక్ దగ్గర డిస్కవర్ పాస్ పెట్టాలి, అదే రోడ్డు మీద ఇంకొన్ని మైళ్ళు పోయి మిడిల్ ఫోర్క్ ట్రెయిల్ దగ్గర ఆగితే ఆ పాస్ పనికిరాదు, నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి. అక్కడి నుంచి మొదలయ్యేది మౌంట్ బేకర్-స్నోక్వాల్మీ నేషనల్ ఫారెస్ట్. కెనడా సరిహద్దు నుంచి మౌంట్ రైనియర్ పార్కు అంచుదాకా క్యాస్కేడ్స్ కొండల పడమటి వాలు పొడవునా 140 మైళ్ళకు పైగా, 17 లక్షల ఎకరాల పైచిలుకు పరుచుకున్న అడవి ఇది. స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దాటి తూర్పు వాలులోకి దిగగానే అడవి పేరు మారి ఓకనోగన్-వెనాచీ అవుతుంది. గోల్డ్ క్రీక్ పాండ్ ఆ రెండో దాని కిందికి వస్తుంది. రెండు అడవులనూ చూసేది మాత్రం ఫెడరల్ ప్రభుత్వపు ఫారెస్ట్ సర్వీసే కాబట్టి పాసూ అదే.

ఇంత గందరగోళం ఎందుకంటే, భూమి ఇక్కడ ఒక్క చేతి నుంచి రాలేదు. 1864లో అమెరికన్ కాంగ్రెస్ నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు పట్టాలు వేసినందుకు ప్రతిఫలంగా దారికి రెండు వైపులా భూమి ఇచ్చింది, అదీ వరసగా కాదు, చదరపు మైలు చొప్పున ముక్కలు చేసి ఒకటి రైల్వేకి, దాని పక్కది ప్రభుత్వానికి, చదరంగం బల్ల గళ్ళలా. ఆ రైల్వే గళ్ళు కాలక్రమంలో కలప కంపెనీల చేతుల్లోకి పోయాయి, కొన్నింటిని ప్రభుత్వం భూముల మార్పిడి చేసి వెనక్కి తెచ్చుకుంది, కొన్ని రాష్ట్రానికి, కౌంటీకి చేరాయి. పాత మ్యాపుల్లో స్నోక్వాల్మీ పాస్ చుట్టుపక్కల ఆ గళ్ళు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఇవన్నీ రాకముందు ఇదంతా స్నోక్వాల్మీ, స్కైకోమిష్, లమ్మీ లాంటి తెగలవాళ్ళు తిరిగిన నేల. 1855లో పాయింట్ ఎలియట్ ఒప్పందంతో వాళ్ళ దగ్గర భూమి తీసుకున్నారు గానీ, ఎవరూ ఆక్రమించని బయలు భూముల్లో వేటాడే హక్కు, దుంపలూ పళ్ళూ ఏరుకునే హక్కు ఆ ఒప్పందంలోనే వాళ్ళకు మిగిలాయి. అది ఇప్పటికీ చెల్లుబాటయ్యే ఒప్పందం. కొండ మీద హకిల్‌బెర్రీలు కోసేటప్పుడు ఈ మాట గుర్తుంటే మంచిది, ఎందుకంటే మనకది సరదా, వాళ్ళకది తరతరాల హక్కు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మనవాళ్ళలో చాలామంది నేషనల్ పార్కునీ నేషనల్ ఫారెస్టునీ ఒకటే అనుకుంటారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, పేర్లూ అలాగే ఉంటాయి, బోర్డుల రంగులూ దాదాపు అలాగే ఉంటాయి. కానీ ఈ రెండూ పుట్టిన ఉద్దేశాలు వేరు, పైనున్న శాఖలు కూడా వేరు. అడవులను రిజర్వు చేసే అధికారం అమెరికా అధ్యక్షుడికి 1891 చట్టంతో వచ్చింది. 1905లో ఆ అడవులను, ప్రభుత్వ భూములు చూసే ఇంటీరియర్ శాఖ నుంచి తీసి వ్యవసాయ శాఖకు అప్పగించి, ఫారెస్ట్ సర్వీస్ పెట్టి, గిఫర్డ్ పింషో అనే ఆయన్ను మొదటి అధిపతిగా కూర్చోబెట్టారు. వ్యవసాయ శాఖ ఎందుకంటే, వాళ్ళ దృష్టిలో అడవి కూడా ఒక పంటే: కలప కావాలి, కింద ఊళ్ళకు నీళ్ళు కావాలి, పశువులకు మేత కావాలి, అవన్నీ తరిగిపోకుండా వాడుకోవాలి. 1960లో వచ్చిన చట్టం ఆ జాబితాలో వన్యప్రాణులనూ చేపలనూ జనాల విహారాన్నీ కూడా చేర్చి, అన్నిటికీ చోటివ్వాలని చెప్పింది. నేషనల్ పార్క్ సర్వీస్ 1916లో ఇంటీరియర్ శాఖ కింద పుట్టింది, దాని పని ప్రకృతిని ఉన్నదున్నట్టు కాపాడి జనానికి చూపించడం.

ఈ తేడా నేల మీద ఎలా ఉంటుందో చూడాలంటే పిక్చర్ లేక్‌కి మించిన చోటు లేదు. బెల్లింగ్‌హామ్ నుంచి 542 నంబరు రాష్ట్ర రహదారి మీద తూర్పుకు పోతే దాదాపు చివర్లో వస్తుంది. చిన్న చెరువు, చుట్టూ అర మైలు తారు బాట, చెరువులో తలకిందులుగా మౌంట్ షుక్సన్. క్యాలెండర్లలో మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు ఆ ఫోటో. చెరువు నేషనల్ ఫారెస్టులో ఉంది, ఎదురుగా కనిపించే 9,131 అడుగుల షుక్సన్ నార్త్ క్యాస్కేడ్స్ నేషనల్ పార్కులో ఉంది. చెరువు ఒడ్డున మీ కుక్కను పట్టీ కట్టి నడిపించవచ్చు, ఆ పార్కు ట్రెయిల్స్ మీద మాత్రం దాదాపు ఎక్కడా కుక్కలను రానివ్వరు. చెరువు పక్కనే మౌంట్ బేకర్ స్కీ ఏరియా ఉంది, ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ మీద నడిచే వ్యాపారం అది. 1998-99 చలికాలంలో అక్కడ కురిసిన మంచు 1,140 అంగుళాలు, అంటే 95 అడుగులు, ప్రపంచ రికార్డుగా నమోదైంది. ఫారెస్టులో చాలా చోట్ల డ్రోన్ ఎగరేయవచ్చు, పార్కుల్లో 2014 నుంచి నిషేధం. ఫారెస్టులో కలప కొడతారు, పుట్టగొడుగులు ఏరనిస్తారు, రోడ్డు పక్కన అనుమతి ఉన్న చోట డబ్బు కట్టకుండా టెంట్ వేసుకోనిస్తారు. పార్కులో ఇవేవీ అంత తేలిక కాదు.

దీని మీద ఇంకో పొర కూడా ఉంది, విల్డర్‌నెస్ అని. 1964 చట్టం ప్రకారం ఫారెస్టులోనే కొన్ని భాగాలను రోడ్లూ మోటార్లూ లేకుండా అలాగే ఉంచేయాలని కాంగ్రెస్ నిర్ణయిస్తుంది. స్నో లేక్ ట్రెయిల్ ఎక్కేవాళ్ళు వెళ్ళేది 1976లో ఏర్పడిన ఆల్పైన్ లేక్స్ విల్డర్‌నెస్‌లోకి. అక్కడ సైకిల్ కూడా తొక్కకూడదు, డ్రోన్ లేపకూడదు, దించకూడదు, గుంపులో 12 మందికి మించకూడదు. ఈ చివరి నియమం మనవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మనం కదిలితే నాలుగు కుటుంబాలు కదులుతాం, పిల్లలతో కలిపి పదహారు మంది తేలతాం. రెండు జట్లుగా విడిపోయి, కలవకుండా, వేర్వేరుగా నడవాలి. వేసవిలో ట్రెయిల్ మొదట్లో చెక్క పెట్టెలో ఉచిత పర్మిట్ కాగితాలుంటాయి, ఎవరికి వాళ్ళు నింపుకుని ఒక ముక్క వెంట ఉంచుకోవాలి. ఇదే విల్డర్‌నెస్‌లో తూర్పు వైపున్న ఎన్‌చాంట్‌మెంట్స్‌లో రాత్రి ఉండాలంటే మాత్రం మే 15 నుంచి అక్టోబరు 31 దాకా పర్మిట్లు లాటరీ మీదే ప్రధానంగా ఇస్తారు, అక్కడ కుక్కలకూ ప్రవేశం లేదు. ఒకే విల్డర్‌నెస్, ఒకే చట్టం, అయినా తాకిడిని బట్టి నియమాలు మారాయి.

మరి నడవడానికి డబ్బెందుకు కట్టాలి? ఇది న్యాయమైన ప్రశ్న. ఒకప్పుడు ఈ అడవుల్లో చెట్లు కొట్టి అమ్మిన డబ్బుతోనే రోడ్లు బాగుండేవి, ఆ రోడ్ల చివరే మన ట్రెయిల్స్ మొదలవుతాయి. 1990లో మచ్చల గుడ్లగూబను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు, 1994లో నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ వచ్చి పాత చెట్లు కొట్టడం బాగా తగ్గింది. నా దృష్టిలో అది మంచి నిర్ణయమే, ఐదారు వందల ఏళ్ళ దేవదారు చెట్టు కింద ఒకసారి నిలబడినవాళ్ళెవరూ దాన్ని పలకలుగా కోయమని అడగరు. కానీ ఆ డబ్బు ఆగింది, జనం మాత్రం పెరిగారు. 2004లో చేసిన చట్టం, ఫీజు వసూలు చేయడానికి ఫారెస్ట్ సర్వీస్‌కు అనుమతిస్తూనే ఒక షరతు పెట్టింది: అక్కడ పార్కింగు, శాశ్వతంగా కట్టిన మరుగుదొడ్డి, చెత్త డబ్బా, సమాచారం చెప్పే బోర్డు, పిక్నిక్ బల్ల, భద్రతా ఏర్పాట్లు, ఈ ఆరూ ఉంటేనే ఆ రకం ఫీజు తీసుకోవాలి. వసూలైన దాంట్లో ఎక్కువ భాగం ఆ ప్రాంతంలోనే ఖర్చు పెట్టాలి. 2012లో అరిజోనాలోని ఒక కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు, సౌకర్యాలేవీ వాడుకోకుండా ఊరికే కారు ఆపి నడిచొచ్చేవాళ్ళ దగ్గర ఈ ఫీజు తీసుకోకూడదని కూడా చెప్పింది. అందుకే కొన్ని ట్రెయిల్స్‌కి ఫీజు ఉండి, వాటి పక్కవాటికి ఉండదు. మరుగుదొడ్డి ఉందా లేదా చూస్తే చాలావరకు మీకే అర్థమైపోతుంది.

పాస్‌ల సంగతి చెప్పేస్తాను. నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ ఏడాదికి 30 డాలర్లు, ఒక రోజుకైతే 5. వాషింగ్టన్, ఓరెగాన్ రెండు రాష్ట్రాల్లోని ఫారెస్ట్ సర్వీస్ చోట్లకు చెల్లుతుంది, మౌంట్ రైనియర్ పార్కు గేటు దగ్గర చెల్లదు. అమెరికా ది బ్యూటిఫుల్ పాస్ ఇక్కడ ఉండేవాళ్ళకు 80 డాలర్లు, పార్కులకూ ఫారెస్టులకూ రెండింటికీ సరిపోతుంది. ఏడాదిలో రెండుసార్లైనా రైనియర్ పార్కుకో ఒలింపిక్ పార్కుకో వెళ్ళే ఇంటికి ఇదే లాభం, రెండూ కొనకండి. రాష్ట్ర భూములకు ఈ రెండూ పనికిరావు, దానికి డిస్కవర్ పాస్ విడిగా ఉండాల్సిందే. చలికాలంలో పిల్లలను మంచులో జారించడానికి హయాక్ లాంటి చోట్లకు వెళ్తే స్నో-పార్క్ పర్మిట్ అని ఇంకోటి కావాలి, మంచు తీసిన పార్కింగ్‌కి కట్టే డబ్బు అది. స్కీ టికెట్టుకూ క్యాంప్‌గ్రౌండ్ అద్దెకూ ఈ పాస్‌లతో సంబంధం లేదు, క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు రిక్రియేషన్ డాట్ గవ్ అనే సైటులో నెలల ముందే నిండిపోతాయి.

మీ ఇంట్లో నాలుగో తరగతి చదివే పిల్లలున్నారా? ఆ ఏడాదికి వాళ్ళ పేరు మీద ఉచిత పాస్ వస్తుంది, కారులో ఉన్న కుటుంబమంతా దాని మీద వెళ్ళవచ్చు. చాలామంది తెలియక ఆ ఏడాదిని వదిలేసుకుంటారు. గ్రీన్‌కార్డు ఉండి 62 ఏళ్ళు దాటిన అమ్మానాన్నలకు సీనియర్ పాస్ వస్తుంది, 80 డాలర్లు కడితే జీవితాంతం. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకు రాదు, కానీ ఫారెస్టులో పాస్ లెక్క మనుషులకు కాదు కారుకు, కాబట్టి మీ పాస్ అద్దం దగ్గర కనిపించేలా పెడితే వాళ్ళకు వేరే ఏమీ అక్కర్లేదు. పెట్టడం మర్చిపోకండి, పర్సులో ఉన్న పాస్‌ను రేంజర్ చూడలేడు కదా.

అమ్మానాన్నలతో వెళ్ళడానికి నేను మొదట చెప్పేది 542 రోడ్డు చివరన ఉన్న ఆర్టిస్ట్ పాయింట్. పిక్చర్ లేక్ దాటి ఇంకాస్త పైకి, సుమారు 5,100 అడుగుల ఎత్తున రోడ్డు ఆగిపోతుంది, కారు దిగగానే ఒక పక్క షుక్సన్, ఇంకో పక్క 10,781 అడుగుల మౌంట్ బేకర్. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు కూడా ఈ ఎత్తు మంచుకొండలను ఇంత దగ్గరగా చూపించగలిగే చోట్లు తక్కువ, ఓపికుంటే అక్కడే ఒక మైలు తేలికైన బాట కూడా ఉంది. బేకర్ చల్లారిన కొండ కాదు, అగ్నిపర్వతమే, 1975లో ఆవిరి గట్టిగా కక్కి శాస్త్రవేత్తలను కంగారు పెట్టింది. ఇక్కడ ఒకే ఒక్క ఇబ్బంది: ఆ చివరి రెండు మూడు మైళ్ళ రోడ్డు ఏడాదిలో ఎక్కువ భాగం మంచు కింద ఉంటుంది. మామూలుగా జూలైలో తెరిచి అక్టోబరు ప్రాంతంలో మూసేస్తారు. మే నెలలో ఎండ బాగుందని బయల్దేరితే స్కీ ఏరియా దగ్గర ఆగిపోవాల్సిందే.

యూఎస్-2 హైవే మీద స్టీవెన్స్ పాస్ కనుమ వైపు వెళ్ళేవాళ్ళు డిసెప్షన్ ఫాల్స్ దగ్గర అరగంట ఆగుతారు. నేనైతే ఐరన్ గోట్ ట్రెయిల్ కూడా చూడమంటాను. గ్రేట్ నార్తర్న్ రైల్వే తన పట్టాల చివరి మేకును 1893 జనవరిలో ఈ చుట్టుపక్కలే కొట్టింది, ఆ రైలు కొండెక్కిన పాత దారే ఇప్పుడు ట్రెయిల్. పైనున్న వెల్లింగ్టన్ అనే స్టేషన్‌లో మంచు వల్ల రెండు రైళ్ళు రోజుల తరబడి ఇరుక్కుపోయాయి, 1910 మార్చి 1 తెల్లవారుజామున కొండచరియ మీది మంచు ఒక్కసారిగా జారి రెండింటినీ లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో కొండ మీది మంచు జారిపడి అంతమంది ఒకేసారి పోవడం ఇంకెప్పుడూ జరగలేదు. బాట చదునుగా ఉంటుంది, దారి పొడవునా పాత కాంక్రీటు గోడలు, మూసుకుపోయిన సొరంగాలు, వాటి కథ చెప్పే బోర్డులు. పిల్లలు ఫోన్ల నుంచి తలెత్తి చదువుతారు. సొరంగాల లోపలికి మాత్రం పోకూడదు.

మౌంటెన్ లూప్ హైవే మీద ఉన్న బిగ్ ఫోర్ ఐస్ కేవ్స్ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. బాట చిన్నది, చెక్క వంతెనల మీదుగా చిన్నపిల్లలు కూడా నడిచేస్తారు, చివర్లో కొండ పాదం దగ్గర మంచు గుహలు. ఎండాకాలంలో గుహ నోటి నుంచి చల్లటి గాలి కొడుతుంది, లోపలికెళ్ళి ఫోటో దిగాలనిపిస్తుంది. ఆ గుహలు రాతివి కావు, చలికాలంలో పైనుంచి జారిపడిన మంచు కింద నుంచి కరిగితే ఏర్పడినవి, అంటే పైకప్పు ప్రతి గంటా పలచబడుతూనే ఉంటుంది. 2010లో అక్కడ మంచు గడ్డ పడి పదకొండేళ్ళ పాప చనిపోయింది. 2015 జూలైలో గుహ కూలి మళ్ళీ ప్రాణాలు పోయాయి. గుహల ముందుకు కూడా పోవద్దని బోర్డులున్నాయి, అయినా లోపల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళను చూసి మనం వెళ్ళకూడదు. దూరం నుంచి చూసి, పిక్నిక్ బల్ల దగ్గర పులిహోర తిని రండి.

ఇలాంటి చోట గేటు ఎందుకు పెట్టరని మనకు అనిపిస్తుంది, ఎందుకంటే మనం పెరిగిన అనుభవం వేరు. నల్లమలలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తే ఉదయం 6 దాకా తెరవరు, అడవి అంటే ఫారెస్టువాళ్ళు ఆపేది అని మనసులో ఉండిపోయింది. ఇక్కడ ఆపేవాళ్ళు లేరు. ఈ దేశంలో నేషనల్ ఫారెస్ట్ వ్యవస్థ కింద ఉన్నది 19.3 కోట్ల ఎకరాలు, మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి అది దాదాపు మూడు రెట్లు. అంతా కాపలా కాయడం ఎవరి వల్లా కాదు, పార్కులో ఉన్నట్టు ప్రతి మలుపులో రెయిలింగూ రేంజరూ ఉండరు. లోపలికి వెళ్ళడానికి ఇచ్చిన స్వేచ్ఛతో పాటే బయటికి క్షేమంగా వచ్చే బాధ్యత కూడా మన మీదే పెట్టేశారు. నేషనల్ ఫారెస్టు గురించి ఎవరడిగినా నేను ముందు ఇదే చెబుతాను.

నీళ్ళ విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించిన మాట. జలపాతాల్లో, నదుల్లో మునిగి మన తెలుగు విద్యార్థులు చనిపోయిన వార్తలు దాదాపు ప్రతి వేసవిలోనూ చదువుతున్నాం, ఒక్కో వార్త వెనక ఒక ఊరు ఏడుస్తుంది. స్కైకోమిష్ నది జూన్‌లో చూడటానికి పచ్చగా, నెమ్మదిగా కనిపిస్తుంది. అది గంటల క్రితం దాకా మంచుగా ఉన్న నీరు, అందులో దూకగానే ఊపిరి బిగుసుకుపోతుంది, ఈత బాగా వచ్చినవాళ్ళకు కూడా చేతులు కాసేపటికే పనిచేయవు. బయట ఎండ ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు. డెన్నీ క్రీక్ దగ్గర బండల మీద పిల్లలు జారేది ఆగస్టులో నీరు తగ్గాక, జూన్‌లో కాదు. అక్కడికి దగ్గర్లోని ఫ్రాంక్లిన్ ఫాల్స్ రానూపోనూ రెండు మైళ్ళే, సుమారు 70 అడుగుల జలపాతం, దానికి పైన ఐ-90 వంతెన మీద కార్లు పోతుంటాయి. చలికాలంలో గడ్డకట్టి అందంగా ఉంటుందని వెళ్తారు, చివరి కొన్ని అడుగులు గాజులా జారతాయి, పైనుంచి ఐసు ముక్కలు ఊడిపడతాయి. బూట్లకు తొడిగే ముళ్ళ పట్టీలు లేకుండా అమ్మానాన్నలను తీసుకెళ్ళకండి. స్నో లేక్ బాట చలికాలంలో మంచు జారే దారులకు అడ్డంగా పోతుంది, అవలాంచ్ సెంటర్ రోజూ ఇచ్చే హెచ్చరిక చదవడం రాకపోతే వేసవి దాకా ఆగండి.

నిప్పు ఇంకోటి. పడమటి వాలు ఎప్పుడూ తడిగా ఉంటుందని, ఇక్కడ అడవి అంటుకోదని చాలామంది నమ్మకం. 2022 సెప్టెంబరు 10న యూఎస్-2 పక్కన మొదలైన బోల్ట్ క్రీక్ మంట దాదాపు 15 వేల ఎకరాలు కాల్చింది, హైవే మూసేశారు, సియాటెల్ దాకా పొగ కమ్మింది. వేసవి చివర్లో చలిమంటల మీద నిషేధం ఉంటుంది, బొగ్గుల పొయ్యి కూడా అందులోకే వస్తుంది. చికెన్ కాల్చుకోవాలనుకునేవాళ్ళు ఇంట్లో వండి డబ్బాల్లో పెట్టుకోవడమే నయం. తిన్న డబ్బాలు, అరటి తొక్కలతో సహా, వెనక్కి తెచ్చుకోండి. ఎలుగుబంట్లు ఆ వాసనకే అలవాటు పడతాయి, అలవాటు పడ్డ ఎలుగును చివరికి చంపాల్సి వస్తుంది.

బయల్దేరే ముందు చేయాల్సిన పని పావుగంటది. ఫోన్‌లో మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి, ఎందుకంటే మౌంటెన్ లూప్ చివరనున్న డారింగ్టన్ ఊరు దాటాక, చాలా లోయల్లో కూడా, సిగ్నల్ ఉండదు. గూగుల్ చూపించే ఫారెస్ట్ రోడ్డు నంబర్లను గుడ్డిగా నమ్మకండి, వరదకు కొట్టుకుపోయిన రోడ్డు కూడా అందులో గీతగానే కనిపిస్తుంది. వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ సైటులో ఆ వారం వెళ్ళొచ్చినవాళ్ళు రాసిన రిపోర్టులు చదవండి: రోడ్డులో గుంతలెంత, మంచు ఎక్కడిదాకా కరిగింది, దోమలున్నాయా, అన్నీ ఉంటాయి. ఏ వైపు వెళ్తున్నారో ఆ రేంజర్ స్టేషన్‌కి, స్కైకోమిష్ అయినా డారింగ్టన్ అయినా, పనివేళల్లో ఫోన్ చేస్తే మనుషులే ఎత్తి చెబుతారు. శుక్రవారం సాయంత్రం లోపే చేయండి, వారాంతం కొన్ని స్టేషన్లు మూసి ఉంటాయి.